చైను సాగదు బాబూ!

మా ఇచ్ఛాపురంలో సైకిలు షాపుకు వెళ్ళిన ప్రతివాడికీ ఉచితంగా దొరికేది ఒక్కటే. "చైను సాగిపోనాది మేష్టారూ" అనే మాట. గాలి కొట్టినందుకు డబ్బులు పుచ్చుకుంటారు గానీ, ఈ మాటకు ఛార్జీ లేదు. నలభై ఏళ్ళుగా వింటున్నాను. కుర్రతనంలో నమ్మాను. మధ్యవయస్సులో నమ్మినట్టు నటించాను. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను కనుక ధైర్యంగా చెబుతున్నాను - చైను సాగదు. సాగడానికి అదేమన్నా మా పెళ్ళిలో మామగారు పెట్టిన నైలాన్ బనీనా? ఉక్కు, బాబూ, ఉక్కు!

సాగదు సరే, మరి వదులెందుకవుతుందీ అంటారు. అక్కడికే వస్తున్నాను. కానీ ముందు మా మేనల్లుడి సంగతి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి పాపం వాడే కారణం.

మా అక్క కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. పోయిన సంక్రాంతికి వాడు వస్తూ వస్తూ రైల్లో ఒక సైకిలు తెచ్చాడు. దానికి స్టాండు లేదు, క్యారియరు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డులు లేవు, చైను కవరు లేదు. బ్రేకులు కూడా లేవు! పండగపూట ఇంటికొచ్చిన అల్లుడు చొక్కా లేకుండా దిగినట్టుంది.

"ఇదేమిట్రా, మిగతా సామాను వెనక బండిలో వస్తోందా?" అన్నాను.

"ఫిక్సుడు గేరు మావయ్యా. దీనికి ఫ్రీవీలు ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే. ఆపాలంటే కాలితో బిగబట్టాలి. బ్రేకు కూడా చైనే" అన్నాడు, బ్రేకులు తీసెయ్యడం ఏదో సన్యాసం పుచ్చుకోవడంలాగా.

నిజమే, ఆ జాతి సైకిళ్ళున్నాయి. 2002లో జాతీయ క్రీడలకని హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో కట్టిన వెలోడ్రోములాంటి చోట పందెగాళ్ళు తొక్కేవి అవే. అక్కడ ఎదురుగా గేదె రాదు. కొబ్బరికాయల ట్రాక్టరు రివర్సులో రాదు. మా ఊరి సంత రోజున బజారు వీధిలో బ్రేకు లేని సైకిలెక్కడమంటే స్వేచ్ఛావతి అమ్మవారి మీద మరీ ఎక్కువ భారం వేయడమే.

సరే, వాడు పదిహేను రోజులుండిపోయాడు. ఇంటి నుంచే పని అన్నాడు. సైకిలు మా అక్క ఇంటి పెరట్లో, కొబ్బరిచెట్టు కింద, కవిటి వైపు సముద్రపు గాలిలో పడి ఉంది. బెంగుళూరులో ఎర్రరంగు వేసి అమ్మిన చైను, ఇక్కడ రంగు అక్కర్లేకుండానే ఎర్రబడింది. మా మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన వేలితో చైను ఎత్తి చూసి, తీర్పు చెప్పేశాడు: "సాగిపోనాది బావూ. ఒక లింకు తీసీమంటారేటి?"

తీసేశాడు! సుత్తీ మేకూ పుచ్చుకుని ఠకీమని పిన్ను కొట్టేశాడు. సాయంత్రానికి మావాడు వీణ తీగ మీటినట్టు చైను మీటి చూపించాడు. "చూడు మావయ్యా, ఎంత టైటుగా ఉందో!"

అప్పుడు నాకొచ్చిన కోపం మా ఆవిడ ఇప్పటికీ కథగా చెబుతుంది.

చైను అంటే ఏమిటో చూద్దాం. రెండు పలకలు, వాటి మధ్య ఒక పిన్ను, పిన్ను చుట్టూ ఒక గొట్టం - దాన్ని బుష్షు అంటారు - బుష్షు మీద తిరిగే రోలరు. ఈ బుష్షూ రోలరూ ఉన్న చైనును మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన 1880లో తయారుచేశాడు. నేటికీ దాని ప్రాణం అదే. రైటు సోదరులు సైకిలు షాపు నడుపుకునేవాళ్ళు కాబట్టి 1903లో ఎగిరిన వాళ్ళ విమానానికి కూడా ఇంజను నుంచి ప్రొపెల్లరు తిప్పడానికి చైనే వేశారు. అలాంటి చైనును మనం కొళాయి దగ్గర బిందె కట్టే తాడు కింద జమ కట్టాం.

సైకిలు చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. లూధియానాలో చేసినా, మద్రాసులో చేసినా, తైవానులో చేసినా అర అంగుళమే. ఒక చైనులో నూట పన్నెండు లింకులుంటే మొత్తం యాభై ఆరంగుళాలు. తొక్కేటప్పుడు ప్రతి లింకూ పళ్ళచక్రం ఎక్కేటప్పుడు వంగుతుంది, దిగేటప్పుడు నిటారవుతుంది. వంగినప్పుడల్లా పిన్ను బుష్షులో రాసుకుంటుంది. రాసుకుని రాసుకుని అరుగుతుంది. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో ఎనిమిదో వంతు అరిగిందనుకోండి, కంటికి ఆనదు. అలాంటివి నూట పన్నెండు కలిస్తే చైను అర అంగుళం దాటి పొడుగవుతుంది. పలక సాగలేదు, పిన్ను సాగలేదు. కీళ్ళు అరిగాయి. మోకాళ్ళు అరిగిన ముసలాయన్ని చూసి "తాతగారు సాగిపోయారు" అంటామా?

అరగడమైనా సాగడమైనా వదులు వదులే కదా, మాటలో ఏముంది అంటారు కొందరు. మాటలోనే ఉందండీ ప్రమాదమంతా! సాగింది అనుకున్నవాడు కత్తిరిస్తాడు. పంచె పొడుగైతే అంచు మడిచి కుట్టినట్టు. అరిగింది అని తెలిసినవాడు కత్తిరించడు, ఎందుకంటే కత్తిరిస్తే మొత్తం పొడుగు తగ్గుతుంది గానీ, మిగిలిన ప్రతి లింకు మధ్యా ఉన్న దూరం తగ్గదు. అర అంగుళానికి లెక్కగా కోసిన పళ్ళ మీద అర అంగుళం దాటిన చైను కూర్చోవాలి. అది కూర్చోదు. పంటి పైకి పాకుతుంది. బరువంతా ఒకటి రెండు పళ్ళ మీద పడుతుంది. ఆ పళ్ళు కొడవలి ముక్కులా వంకర తిరుగుతాయి. తరవాత పోయి పోయి కొత్త చైను కొని వేస్తే, వంకర పళ్ళ మీద అదీ జారుతుంది. "కొత్త చైనులో సరుకు లేదండీ" అని తిట్టుకుంటూ ఫ్రీవీలు కూడా మారుస్తాం. లింకు తీసి మిగిల్చిన డబ్బులు వడ్డీతో సహా అక్కడ కట్టేశాం.

లింకు తీసేది ఎప్పుడో గమనించారా? వెనక చక్రం ఇరుసు వెనక్కి జరపడానికి గాడిలో ఇక చోటు లేనప్పుడు. అంటే, కొత్తగా సరైన కొలతతో వేసిన చైనైతే, ఆ గాడి చివరి దాకా వెళ్ళిందీ అంటే చైను చచ్చిపోయిందనే అర్థం. చచ్చినవాడికి క్షవరం చేసి పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టడమే లింకు తీయడం.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే నేనేదో పుట్టినప్పటి నుంచి జ్ఞానినని కాదు. నేనూ తీయించినవాణ్ణే. దాని కథ మావాడికి అంతవరకూ తెలియదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ ఉదయం తరవాత ఉద్దానం చూసినవాళ్ళు ఎవరూ దాన్ని మరచిపోలేరు. తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు, పనసలు, మొదలంటా పడిపోయాయి. రోడ్లన్నీ మానులే. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా అక్కకు అప్పటికి మూడేళ్ళుగా కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఆవిడ మందులు నెలనెలా నేనే కొని పంపుతాను. ఆ నెలవి నా దగ్గరే ఉండిపోయాయి. కారు వెళ్ళదు, మోటారు సైకిలు వెళ్ళదు. పడిన మానుల మీదుగా భుజాన వేసుకుని దాటించగలిగే బండి సైకిలొక్కటే. మూడో రోజు మందుల సంచీ హ్యాండిలుకు కట్టుకుని బయల్దేరాను.

ఆ తుపానుకు రెండు నెలల ముందే నా సైకిలు చైను "సాగిపోతే" లింకు తీయించాను. సగం దారి వెళ్ళేసరికి, ఒక మాను దాటించి దింపి, ఎక్కి గట్టిగా తొక్కానో లేదో, చైను పన్ను మీంచి జారింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ జారింది. మూడోసారి ఊడి ఫ్రీవీలుకూ చువ్వలకూ మధ్య ఇరుక్కుంది. లాగుతుంటే క్లిప్పు ఎగిరి నీళ్ళలో పడింది. చేతిలో పనిముట్టు లేదు, చుట్టుపక్కల మనుషులున్నారు గానీ ఎవరి కొంప వాళ్ళకు కూలి ఉంది. సైకిలును అక్కడే ఒక పడిపోయిన పనసచెట్టుకు ఆనించి, నడిచాను. పదింటికి చేరవలసినవాణ్ణి పొద్దుగూకే వేళకు చేరాను. అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. కాళ్ళు వాచి ఉన్నాయి. "నడిచొచ్చావేట్రా తమ్ముడూ, సైకిలేదీ?" అంది. ఆ పూటకు గట్టెక్కింది. చైను చలవ మాత్రం కాదు.

ఇది విన్నాక మావాడు కాసేపు మాట్లాడలేదు. ఆ రోజుల్లో వాడు బెంగుళూరులో ఫోను పట్టుకుని అమ్మ గొంతు వినబడక కూర్చున్నవాడే.

మామూలు సైకిలుకు చైను జారితే ఆగిపోతాం, లేకపోతే పడతాం. ముందు బ్రేకు ఉంటుంది. వీడి బండికి చైనే బ్రేకు. చైను తెగితే బ్రేకు తెగినట్టే. ఊడి ఇరుక్కుంటే వెనక చక్రం బిగుసుకుపోతుంది. అలాంటి బండికి అరిగిన చైను, అందులోనూ లింకు తీసి వీణ తీగలా బిగించిన చైను! బిగువు గొప్పతనమనుకుంటారు గానీ కాదు. చైను మరీ బిగిస్తే ఇరుసు బేరింగులు, క్రాంకు బేరింగులు, చైను మూడూ కలిసి అరుగుతాయి. వదులైతే ఊడుతుంది. మధ్యలో పట్టుకోవాలి. పళ్ళచక్రాలు కూడా పూర్తి గుండ్రంగా ఉండవు. పెడలు నెమ్మదిగా తిప్పుతూ, ఎక్కడ అన్నిటికంటే బిగువుగా ఉందో చూసి, అక్కడ అర అంగుళం పైకీ కిందికీ ఆడేలా ఉంచాలి. ముందు చక్రం, వెనక చక్రం ఒకే గీతలో ఉన్నాయో లేదో వెనక నుంచి ఒంటికన్నుతో చూడాలి. వంకరగా నడిచే చైను పక్క పలకలను కొరుక్కుంటూ నడుస్తుంది.

ఇక నూనె దగ్గరికి వద్దాం. ఇక్కడ నా ప్రత్యర్థులు చాలామంది, అందులో మా ఆవిడ అగ్రగణ్య. ఉద్దానంలో ఏ రోగానికైనా కొబ్బరినూనే. తలకు, వంటికి, తలుపు బందులకు, చైనుకు. నేను వద్దంటే "స్వచ్ఛమైనది, మన చెట్టుదే" అంటుంది. స్వచ్ఛతను కాదనలేదండీ. కానీ కొబ్బరినూనె ధనుర్మాసపు తెల్లవారుజామున సీసాలో ఏమవుతుందో ఆవిడకే తెలుసు. చైనులోనూ అదే అవుతుంది. పైగా నాళ్ళు గడిస్తే జిగురు కడుతుంది. ఆముదం కూడా అంతే. బండి ఇరుసుకు వెయ్యండి, కాదనను.

రెండో ముఠా మోటారు సైకిళ్ళ కాలిపోయిన ఇంజనాయిలు ముఠా. షాపుల్లో డబ్బాలో నల్లగా ఉంటుంది, ఊరికే పోస్తారు. ఒక ఇంజను లోపల అరిగిన ఇనుప రజనంతా అందులోనే ఉంది. ఇంకొకరి అరుగుదలను తెచ్చి మన చైనులో పోసుకోవడం ఏం తెలివి?

మూడో ముఠా ఆదివారం ముఠా. వీళ్ళది భక్తి. తలంటు పోసుకుని, చైను మీద ధారగా నూనె పోసి, తుడవకుండా వదిలేస్తారు. మాది ఇసక నేల. గాలికి లేచిన ఇసక ఆ నూనెకు అంటుకుంటుంది. ఇసకా నూనే కలిపితే ఏమవుతుందో వాల్వులు నూరే మెకానిక్కును అడగండి, సానపట్టే పేస్టు అవుతుంది. అంటే ప్రతి ఆదివారం వీళ్ళు చైనుకు అభిషేకం చేస్తున్నామనుకుంటూ సాన పెడుతున్నారు! దానికి ఉప్పు గాలి తోడు. నౌపడలో ఉప్పు మళ్ళున్నాయంటే ఈ తీరపు గాలిలో ఏముందో వేరే చెప్పాలా? ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. తేమ ఉన్నచోట తుప్పు ఆగదు.

నూనె కావలసింది పైన కాదు, లోపల. పిన్నుకూ బుష్షుకూ మధ్య. కిరసనాయిలులో చైను నానేసి, పాత టూత్ బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి, నీడపట్టున పూర్తిగా ఆరనివ్వాలి. ఆరక ముందే నూనె వేస్తే కిరసనాయిలే లోపల కాపురం ఉంటుంది. ఆరిన తరవాత ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క. నూట పన్నెండు చుక్కలు. ఓపిక ఉండాలి. చుక్క పడ్డాక పెడలు తిప్పి, కాస్సేపాగి, పైదంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఈ తుడవడమే ఎవరూ చెయ్యరు. పైన మెరవాల్సిన పని లేదు. కుట్టుమిషను నూనె పలచన, వానకు పోతుంది గానీ, మాటిమాటికీ వెయ్యగలిగితే కొబ్బరినూనె కన్నా నయం.

అసలు ఇంత బాధ లేకుండా మన పెద్దలు ఒక ఉపాయం చేసుకున్నారు - నిండు గేరు కేసు. చైనును మొత్తం కప్పే రేకుపెట్టె. ఇంగ్లండులో సన్‌బీమ్ వాళ్ళయితే దాని లోపలే నూనె ఉంచి, చైను దానిలో మునిగి తేలేలా చేశారు. మన దేశంలో 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్ మొదలైన తరవాత నాలాంటి బడిపంతుళ్ళు, పోస్టుమేన్లు తొక్కిన నల్లసైకిళ్ళలో ఆ రేకుపెట్టె ఉన్నవాటి చైన్లు ఏళ్ళకేళ్ళు వచ్చేవి. పెట్టె గడగడలాడుతుందని, బరువని, పాతకాలపు దర్జా అని తీసేశాం. ఆ అట్లాస్ వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ కూడా 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం.

"పోనీలెండి మేష్టారూ, చైనెంతని! పోతే ఇంకోటి కొనుక్కుంటారు" అనే ఉదారులున్నారు. వాళ్ళు కార్లలో తిరుగుతారు. మా వీధి చివర ఒకతను సైకిలు మీద కొబ్బరికాయల గోనెలు కట్టుకుని తోట నుంచి డిపోకి చేరవేస్తాడు. ఆ బరువుకు చైను మీద పడే లాగుడు ఊహించండి. అతను కొనేది కొట్లో అన్నిటికంటే చవక చైను. ఏడాదికి రెండో మూడో. చైను తెగిన రోజు కూలి పోతుంది. పళ్ళు వంకరపోయి ఫ్రీవీలు మార్చిన రోజు రెండు రోజుల కూలి పోతుంది. డబ్బున్నవాడు ఒక్కసారి కొంటాడు, లేనివాడు ఏడాదంతా కొంటూనే ఉంటాడు. అందుకని చవక చైను అమ్మేవాణ్ణి నేను దయామయుడనలేను.

మరి ఏది కొనాలి? రంగు చూడకండి. నికెలు పూత తుప్పును కాస్త ఆపుతుంది, అరుగుదలను ఆపదు. అరిగేది లోపలి పిన్నూ బుష్షూ. అవి గట్టిపరిచిన ఉక్కువి కావాలి. బుష్షు విడిగా నిండుగా ఉన్న చైను కావాలి. గేర్ల సైకిళ్ళకు ఎనిమిదిలో ఒకటి కంటే సన్నగా, ముప్పై రెండులో మూడంగుళాల వెడల్పు చైన్లొస్తాయి. వాటిలో చాలావాటికి బుష్షు విడిగా ఉండదు, పలకనే కాస్త మడిచి ఉంటుంది. పక్కకు వంగడానికి అది సుఖం. ఒకటే గేరున్న బండికి ఆ సుఖంతో పని లేదు. ఎనిమిదిలో ఒక వంతు అంగుళం వెడల్పుది, నిండు బుష్షున్నది తీసుకోండి. క్లిప్పు వేస్తే, దాని మూసిన కొస చైను నడిచే వైపు ఉండాలి. తిరగేసి వేసిన క్లిప్పు దేనికైనా తగిలి ఊడుతుంది. మావాడి బండికైతే క్లిప్పే వద్దు, పిన్ను కొట్టి కలపాల్సిందే. ఇంకొక్క మాట: ముందు నలభై ఎనిమిది పళ్ళు, వెనక పద్ధెనిమిది ఉన్నా, ముందు ముప్పై రెండు, వెనక పన్నెండు ఉన్నా కాలికి ఒకటే బరువు. కానీ రెండోదానిలో చైను మీద లాగుడు ఒకటిన్నర రెట్లు. వెనక ఒక్కో లింకు ఇరవై డిగ్రీలు వంగే చోట ముప్పై వంగాలి. చిన్న చక్రం ముద్దొస్తుంది, చైను తింటుంది.

అరిగిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద చదువక్కర్లేదు. బడిపిల్లల ఉక్కు స్కేలు చాలు. చైను బిగలాగి, ఒక పిన్ను మధ్య సున్నా పెట్టి చూడండి. ఇరవైనాలుగో లింకు పిన్ను సరిగ్గా పన్నెండు అంగుళాల దగ్గర ఉంటే కొత్తది. అంగుళంలో పదహారో వంతు దాటితే కొత్త చైను కొనే వేళ. ఎనిమిదో వంతు దాటాక కొలవడం దండగ, పళ్ళు కూడా పోయుంటాయి.

మావాడి చైను కొలిస్తే ఎనిమిదో వంతు. తీసి పారేయించాను. కొత్తది తెప్పించాను, దానితోపాటు ముందు బ్రేకు కూడా. బ్రేకు దగ్గర కాస్త గునిశాడు. "స్నేహితులు నవ్వుతారు మావయ్యా" అన్నాడు. "మీ అమ్మ ఏడవకుండా ఉంటే చాలురా" అన్నాను. బిగించుకున్నాడు.

మా ఇచ్ఛాపురం 2003లోనూ 2019లోనూ పెద్ద పెద్ద పాదయాత్రలు వచ్చి ముగిసిన ఊరు. కాలినడకన వచ్చినవాళ్ళను దండలతో ఎదుర్కొన్నాం. ఉద్దానంలో చైను తెగి రోజూ పాదయాత్ర చేస్తున్న కొబ్బరికాయల వాడికి దండ అక్కర్లేదు గానీ, ఒక ఉక్కు స్కేలు ఇవ్వచ్చు కదా అనిపించింది. కొన్నాను కూడా. మెకానిక్కు చేతిలో పెట్టి, కొలవడం చూపించి, "ఎవరొచ్చినా ముందు కొలువు, ఆపైన మాట్లాడు" అని చెప్పొచ్చాను. బుద్ధిగా తల ఊపాడు.

నిన్న గాలి కొట్టించుకోవడానికి వెళితే ఆ స్కేలుతోనే పంక్చరు ట్యూబు మీద సొల్యూషను పూస్తున్నాడు. నన్ను చూసి గబగబా పంచెకు తుడిచి, "రండి మేష్టారూ, మీ చైను కొలిసీమంటారేటి?" అన్నాడు.

కొలవమన్నాను.